తోడేలు మనిషి ఉన్నాడా?

"అదిగో పులి అంటే ఇదిగో తోక" అంటారు మన పెద్దలు. పులిని ఎవరూ చూడలేదు. తోక మాత్రం అందరికీ కనబడింది! ఈ సామెత ఊరికే పుట్టలేదు. ఒకరి నోట పుట్టిన మాట పది నోళ్ళు తిరిగేసరికి ఎలా పెరుగుతుందో మన ముందుతరాల వాళ్ళకు బాగా తెలుసు.

ఈ పాఠంలో ఒక వింత ప్రాణి గురించి చదువుదాం. దాని పేరు తోడేలు మనిషి. పగలు మనలాగే మనిషి. రాత్రి అయ్యేసరికి తోడేలుగా మారిపోతాడట. గొర్రెల్ని, పిల్లల్ని ఎత్తుకుపోతాడట. తెల్లారేసరికి మళ్ళీ మనిషై, ఏమీ ఎరగనట్టు మన మధ్యే తిరుగుతాడట.

ఇలాంటివాడు నిజంగా ఉన్నాడా? ఉన్నాడని నమ్మినవాళ్ళు ఏం చేశారు? ఆ నమ్మకం వల్ల ఎవరికి నష్టం జరిగింది?

పాఠం కొంచెం పెద్దదే. ఒక్కరోజులో పూర్తి కాకపోతే ఫరవాలేదు. రోజుకు రెండు భాగాలు చదవండి. ఒకరు పైకి చదవండి, మిగతావాళ్ళు వినండి. చదివిన తర్వాత మాట్లాడుకోండి.

ముందు తోడేలు సంగతి

తోడేలు గురించి మన గొర్రెల కాపరులను మించి చెప్పగలిగిన వాళ్ళు లేరు. అది చూడటానికి కుక్కలా ఉంటుంది. రంగు బూడిద, గోధుమ కలిసినట్టు ఉంటుంది. మన దేశపు తోడేలు బరువు సుమారు 20 కిలోలు. పెద్ద అడవిలో కంటే బీడు భూముల్లో, గుట్టల పక్కన, మెట్ట పొలాల దగ్గర ఎక్కువగా తిరుగుతుంది. కుందేళ్ళను, మేకల్ని, గొర్రెల్ని పట్టుకుంటుంది. సాధారణంగా మనిషి అలికిడి వింటే పక్కకు తప్పుకుంటుంది.

అయితే అది ఎప్పుడూ మనిషి జోలికి రాదు అని చెప్పలేం. తినడానికి ఏమీ దొరకనప్పుడు, చిన్నపిల్లలు ఒంటరిగా చిక్కినప్పుడు, ఎక్కడో ఒక తోడేలు పిల్లల్ని పట్టడం మరుగుతుంది. ఇది అరుదు. కానీ జరిగింది.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తోడేలు నిజం. తోడేలు వల్ల ప్రమాదం కూడా అప్పుడప్పుడు నిజమే. మరి తోడేలు మనిషి?

పాత కథ

తోడేలుగా మారిన మనిషి కథ చాలా పాతది. గ్రీసు దేశంలో రెండువేల ఏళ్ళ కిందటి నుంచే ఉంది. లైకయాన్ అనే రాజు దేవుణ్ణి పరీక్షించాలని చూశాడట. నరమాంసం వండి దేవుడికే వడ్డించాడట. దేవుడికి కోపం వచ్చి రాజును తోడేలుగా మార్చాడట. ఇది పురాణ కథ. చెడ్డపని చేసినవాడు జంతువుతో సమానం అని చెప్పడానికి పుట్టింది.

కథ కథగా ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేదు. కానీ ఐరోపా ఖండంలో సుమారు 400 ఏళ్ళ కిందట జనం దాన్ని నిజమనుకున్నారు. జనమే కాదు, న్యాయమూర్తులు కూడా నమ్మారు. అప్పుడు ఏమైందో చూడండి.

జర్మనీ దేశంలో బెడ్‌బుర్గ్ అనే ఊరు ఉంది. ఆ ప్రాంతంలో పేటర్ స్టుంప్ అనే రైతు ఉండేవాడు. పిల్లల్ని, ఆడవాళ్ళను చంపిన తోడేలు మనిషి ఇతనే అన్నారు. పట్టుకున్నారు. ఒళ్ళు సాగదీసి హింసించే యంత్రం ఒకటి ఆ రోజుల్లో ఉండేది. దాని దగ్గరికి తీసుకుపోయారు. అతను అన్నీ ఒప్పుకున్నాడు. దయ్యం తనకు ఒక మాయ పటకా ఇచ్చిందని, అది నడుముకు కట్టుకుంటే తోడేలుగా మారతానని చెప్పాడు. ఆ పటకా కోసం వెతికారు. దొరకలేదు. అయినా 1589లో అతన్ని చాలా క్రూరంగా చంపారు. అతనితోపాటు అతని కూతురిని, మరో స్త్రీని కూడా చంపారు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఎముకలు విరుగుతాయంటే ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారు. "నేను తోడేలును" అంటారు. "నేను పామును" అని కూడా అంటారు. కొట్టి చెప్పించిన మాట సాక్ష్యం కాదు. మన దేశంలో పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇంకో తీర్పు

అందరు న్యాయమూర్తులూ ఒకలాగే లేరు. 1603లో ఫ్రాన్స్ దేశంలో ఇంకో విచారణ జరిగింది. జాన్ గ్రెనియే అనే కుర్రవాడు ఉన్నాడు. వయసు పదమూడు, పద్నాలుగు ఏళ్ళు. పేదవాడు. ఇల్లు వదిలి తిరిగేవాడు. "నేను తోడేలు చర్మం కప్పుకుని తోడేలుగా మారతాను, పిల్లల్ని తిన్నాను" అని తనే అందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ కొట్టకముందే చెప్పాడు!

కింది కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. కేసు బోర్డో నగరంలోని పెద్ద కోర్టుకు వచ్చింది. అక్కడ వైద్యులు కుర్రవాణ్ణి చూశారు. న్యాయమూర్తులు అతని మాటలు ఓపికగా విన్నారు. ఈ పిల్లవాడికి మతి స్థిమితం లేదు అని తేల్చారు. చంపలేదు. ఒక మఠంలో ఉంచమన్నారు. బతికినన్నాళ్ళూ అక్కడే ఉన్నాడు.

చూశారా? రెండు విచారణలకూ మధ్య 14 ఏళ్ళే తేడా. రెండు చోట్లా నమ్మకం ఒకటే. ఒకచోట హింసించి చంపారు. రెండోచోట వైద్యుణ్ణి పిలిచి అడిగారు. అడిగినందుకు ఒక ప్రాణం నిలిచింది.

తాను జంతువుగా మారిపోయానని నమ్మే మనోవ్యాధి ఒకటి ఉందని ఇప్పటి వైద్యులు కూడా చెబుతున్నారు. చాలా అరుదైన జబ్బు. దానికి మందు ఉంది, వైద్యం ఉంది. ముఖం మీద, ఒంటి మీద దట్టంగా జుట్టు పెరిగే జబ్బు కూడా ఒకటి ఉంది. అది పుట్టుకతో వస్తుంది. అలాంటి మనిషి కనబడితే భయపడాల్సిన పని లేదు. వెక్కిరించాల్సిన పని అంతకంటే లేదు.

జెవోదాన్ మృగం

ఇప్పుడు ఇంకో కథ. ఇది కథ కాదు, జరిగిన సంగతి.

ఫ్రాన్స్ దేశానికి దక్షిణాన కొండల ప్రాంతం ఒకటి ఉంది. దాని పేరు జెవోదాన్. అక్కడివాళ్ళు పేద రైతులు. పిల్లలే ఆవుల్ని, గొర్రెల్ని కాసేవారు. 1764 జూన్ నెలలో 14 ఏళ్ళ ఒక అమ్మాయిని ఏదో మృగం చంపింది. తర్వాత మరొకరు. తర్వాత ఇంకొకరు. మూడేళ్ళలో సుమారు వందమంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్ళు. కొండల్లో ఒంటరిగా పశువులు కాసేవాళ్ళే.

అది తోడేలు కాదన్నారు జనం. ఆవు అంత ఉందన్నారు. తుపాకీ గుండు తగలదన్నారు. తోడేలుగా మారే మనిషి అన్నారు. పత్రికలు ఈ మాటల్ని దేశమంతా మోసుకుపోయాయి. ప్రతి ఊరు దాటేసరికి మృగం ఒక అంగుళం పెరిగింది!

కానీ అందరూ భయపడి కూర్చోలేదు. 1765 జనవరి 12న ఏడుగురు పిల్లలు పశువులు కాస్తున్నారు. ఐదుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. మృగం వచ్చి వాళ్ళలో చిన్నవాణ్ణి పట్టుకుంది. జాక్ పోర్ట్‌ఫే అనే పిల్లవాడు మిగతావాళ్ళను పారిపోనివ్వలేదు. అందరూ ఒక్కటై, మొన తొడిగిన కర్రలతో పొడిచి దాన్ని తరిమారు. చిన్నవాడు బతికాడు. ఈ సంగతి రాజు చెవిన పడింది. రాజు పిల్లలకు డబ్బు బహుమానంగా ఇచ్చాడు. జాక్‌ను ప్రభుత్వ ఖర్చుతో చదివించాడు. పశువులు కాసే పిల్లవాడు చదువుకుని సైన్యంలో అధికారి అయ్యాడు.

అదే ఏడాది ఆగస్టులో మరీ జాన్ వాలే అనే యువతి మీదికి మృగం దూకింది. ఆమె చేతిలో బరిసె ఉంది. దాని రొమ్ములో పొడిచింది. మృగం పారిపోయింది. ఆమె విగ్రహం ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది.

చివరికి రాజు తన వేటగాణ్ణి పంపాడు. 1765 సెప్టెంబరులో అతను ఒక పెద్ద తోడేలును కాల్చి చంపాడు. పీడ విరగడైంది అన్నారు. కానీ రెండు మూడు నెలలకే మళ్ళీ చావులు మొదలయ్యాయి. 1767 జూన్ 19న జాన్ షాస్తెల్ అనే స్థానిక వేటగాడు మరో మృగాన్ని కాల్చాడు. ఆ తర్వాత చావులు ఆగిపోయాయి.

అంటే ఏమిటి? తుపాకీ గుండుకు చచ్చింది. మామూలు ప్రాణిలాగే రక్తం కారి చచ్చింది. అది తోడేలే అని, లేదా కుక్కకూ తోడేలుకూ పుట్టిన జంతువు అని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. వెండి తూటాతో చంపాడని తర్వాతి కాలంలో కథ కట్టారు. పున్నమి రాత్రి మారడం, వెండి తూటాకే చావడం, ఇవన్నీ సినిమాలు బాగా ప్రచారం చేసిన ముచ్చట్లు.

మన దేశంలో జరిగింది

ఇదంతా ఎక్కడో దూరాన జరిగింది కదా అంటారా? అయితే మన దేశానికే వద్దాం.

1996లో ఉత్తరప్రదేశ్‌లో, ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ జిల్లాల్లో పిల్లలు మాయం కాసాగారు. సాయంకాలం ఇంటి ముందు ఆడుకునే పిల్ల. అమ్మ పక్కన ఆరుబయట పడుకున్న పిల్లవాడు. బహిర్భూమికి వెళ్ళిన పాప. ఒక్క క్షణంలో ఎత్తుకుపోయింది. డెబ్బైమందికి పైగా పిల్లల మీద దాడులు జరిగాయి. వాళ్ళలో చాలామంది చనిపోయారు. దాదాపు అందరూ పదేళ్ళ లోపువాళ్ళే.

జనంలో ఒక మాట పుట్టింది. ఇది తోడేలు కాదు, సగం మనిషి సగం తోడేలు అన్నారు. దానికి ఒక పేరు కూడా పెట్టారు, మనాయ్ అని. రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది అన్నారు. నల్లకోటు వేసుకుంది, తలకు హెల్మెట్ ఉంది, కళ్ళకు అద్దాలు ఉన్నాయి అన్నారు. పరాయి దేశం వాళ్ళు వేషం వేసుకుని వచ్చారని కూడా అన్నారు.

అప్పుడేమైంది? ఊళ్ళలో మగవాళ్ళు కర్రలు, తుపాకులు పట్టుకుని రాత్రిళ్ళు కాపలా తిరిగారు. కొత్త మనిషి కనబడితే చాలు, వీడే అన్నారు. దారిన పోయేవాళ్ళను, భిక్షగాళ్ళను, మతి లేనివాళ్ళను పట్టి కొట్టారు. ఏ పాపం ఎరగనివాళ్ళు దెబ్బలకు చచ్చిపోయారు.

డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్త వై.వి. ఝాలా, ఆయనతో పనిచేసినవారు ఆ ఊళ్ళకు వెళ్ళారు. దాడి జరిగిన చోట్లు చూశారు. జాడలు చూశారు. జనాన్ని అడిగారు. ఇది తోడేలు పనే అని తేల్చారు. వాళ్ళు ఇంకో సంగతి కూడా గమనించారు. ఆ ఊళ్ళలో మేకలకు, గొర్రెలకు కాపలా ఉంది. పేదింటి పిల్లలకు లేదు. తోడేలుకు మేక కంటే పిల్లే సులువుగా దొరికింది.

ఈ మాట చదివితే గుండె బరువెక్కుతుంది. పేదతల్లి పిల్లల్ని పట్టించుకోలేదని కాదు దీని అర్థం. ఇంటికి తలుపు లేదు. మరుగుదొడ్డి లేదు. వీధిలో దీపం లేదు. పగలంతా కూలికి పోయి వచ్చిన మనిషికి రాత్రి మెలకువ ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి చూడండి. జనం తోడేలు మనిషి కోసం వెతికారు. కొత్తవాళ్ళ ముఖాలు చూశారు. వెతకాల్సింది పాదాల జాడలు. వెయ్యాల్సింది ఇంటికి తలుపు. జనం మనిషి కోసం వెతికినంతసేపూ తోడేలు తప్పించుకుంటూనే ఉంది. అబద్ధపు నమ్మకం రెండు విధాల చంపింది. అమాయకుణ్ణి కొట్టి చంపింది. నిజమైన ప్రమాదాన్ని కప్పిపెట్టి పిల్లల్ని చంపింది.

2024లో ఉత్తరప్రదేశ్‌లోనే బహ్రాయిచ్ జిల్లాలో మళ్ళీ తోడేళ్ళు పిల్లల మీద పడ్డాయి. ఎనిమిదిమందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఈసారి అటవీశాఖ వాళ్ళు డ్రోన్లు ఎగరేసి, జాడలు పట్టి, వలలు, బోన్లు పెట్టి ఒక్కొక్కటిగా ఐదు తోడేళ్ళను పట్టుకున్నారు. జంతువును జంతువుగా చూస్తే పట్టుకునే దారి దొరుకుతుంది.

నల్ల కోతి

2001 మే నెలలో ఢిల్లీలో ఇంకో వింత పుట్టింది. రాత్రిపూట ఒక కోతి మనిషి వచ్చి రక్కుతున్నాడన్నారు. నాలుగడుగులు ఉన్నాడని ఒకరు, ఆరడుగులు అని ఇంకొకరు. ఇనుప గోళ్ళు అని ఒకరు, తలకు హెల్మెట్ అని మరొకరు. పోలీసులకు వందల ఫోన్లు వచ్చాయి. అవి ఎండాకాలపు రోజులు. కరెంటు కోత. జనం ఉక్కపోతకు మేడల మీద పడుకునేవారు. చీకట్లో ఎవరో "వచ్చాడు, వచ్చాడు!" అని అరిచేవారు. అంతే, అందరూ పరుగు. అలా మేడల మీది నుంచి, మెట్ల మీది నుంచి పడి కొందరు చనిపోయారు. ఒక పొట్టి సాధువును, ఒక వ్యాను డ్రైవరును జనం పట్టుకుని కొట్టారు.

పోలీసులు, వైద్యులు కలిసి విచారణ చేశారు. అలాంటి ప్రాణి లేనే లేదని తేల్చారు. భయమే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది అన్నారు. మరి ఒంటిమీద రక్కులు? ఎలుకలు కరిచినవి, నిద్రలో తామే గోక్కున్నవి, పరుగెత్తి పడినప్పుడు తగిలినవి.

మన ఊళ్ళ సంగతి

మనం మాత్రం తక్కువ తిన్నామా? 1990ల కాలంలో మన ఊళ్ళలో ఇళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. రాత్రి ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందట. తలుపు మీద రాసింది చదివి, సరే రేపు వస్తానని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందట.

ఈ సంగతి చెబితే ఒక కేంద్రంలో ఒక అవ్వ నవ్వి ఇలా అంది: "అయ్యో నాయనా, ఆ దయ్యం కూడా అక్షరాలు నేర్చుకుందా? మనకు అరవై ఏళ్ళు పట్టింది గదా!"

నవ్వుకోవచ్చు. ఆ పుకారు తలుపు మీద సుద్దరాతతో పోయింది. కానీ అన్ని పుకార్లూ అలా పోవు. 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఒక పుకారు సెల్‌ఫోన్లలో తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి, జాగ్రత్త అని. ఎక్కడెక్కడివో బొమ్మలు జోడించి పంపారు. జనం రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కూర్చున్నారు. భాష రానివాళ్ళను, దారి తప్పినవాళ్ళను, మతి లేనివాళ్ళను కొట్టారు. కొందరి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఇలాంటి మూకదాడుల మీద తీర్పు ఇచ్చింది. వీటిని ఆపడానికి ప్రతి జిల్లాలో ఒక పోలీసు అధికారిని నియమించాలని ప్రభుత్వాలను ఆదేశించింది.

400 ఏళ్ళ కిందట జర్మనీలో తోడేలు మనిషి. 1996లో మనాయ్. 2018లో పిల్లల ముఠా. పేరు మారింది. దెబ్బలు తిన్నవాడు మాత్రం ఒకడే. ఊరికి కొత్తవాడు, పేదవాడు, తన మాట తాను చెప్పుకోలేనివాడు.

కళ్ళారా చూశాం అంటే?

"మరి చూశామని చెప్పేవాళ్ళంతా అబద్ధాలాడుతున్నారా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. చాలామంది అబద్ధం ఆడరు. చూసిందే చెబుతారు. కానీ చీకట్లో చూసింది సగం, మనసు నింపింది సగం.

చీకట్లో మన కంటికి రంగు తెలియదు, దూరం తెలియదు. పొద వంగిన మనిషిలా కనబడుతుంది. కుక్క, పిల్లి, తోడేలు కళ్ళ వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది. దీపం వెలుగు పడితే ఆ కళ్ళు నిప్పుల్లా మెరుస్తాయి. అది మాయ కాదు. రాత్రి బాగా కనబడటానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు.

ఇంకో కారణం, మనం ముందే విన్న మాట. తోడేలు మనిషి తిరుగుతున్నాడని సాయంత్రం విన్నవాడికి రాత్రి కుక్క కూడా తోడేలు మనిషే.

ఇంకొకటి పిచ్చికుక్క కాటు జబ్బు. దాన్నే రేబిస్ అంటారు. ఈ జబ్బు సోకిన కుక్క గానీ, నక్క గానీ, తోడేలు గానీ బెదురు లేకుండా ఊళ్ళోకి వచ్చి కనబడినవాళ్ళనల్లా కరుస్తుంది. కాటు తిన్న మనిషికి జబ్బు ముదిరితే నీళ్ళు చూస్తే భయపడతాడు, గొంతు పట్టేస్తుంది, చొంగ కారుతుంది, మనుషుల మీద పడతాడు. చూసినవాళ్ళకు తోడేలు కరిస్తే మనిషి తోడేలు అయ్యాడు అనిపించడంలో వింత లేదు. ఇది దయ్యం కాదు, జబ్బు. 1885లో ఫ్రాన్స్‌లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త దీనికి టీకా వేసి ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి కాపాడాడు. ఇప్పుడు ఆ టీకా మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

మనం ఏం చేయాలి?

ఊళ్ళోకి అడవి జంతువు వచ్చిందని అనుమానం వస్తే:

1. చిన్నపిల్లల్ని పొద్దుగూకాక ఒంటరిగా వదలకండి. బహిర్భూమికి ఒంటరిగా పంపకండి.

2. ఆరుబయట పడుకోవాల్సి వస్తే పిల్లల్ని పెద్దవాళ్ళ మధ్యలో పడుకోబెట్టండి. దీపం ఉంచండి.

3. జాడ కనబడితే తొక్కి చెరపకండి. దాని మీద బుట్ట బోర్లించండి. అటవీశాఖ వాళ్ళకు, పంచాయతీకి కబురు చేయండి. ఫోను ఉంటే 112కు చేయండి.

4. తోడేలును మనమే చంపకూడదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఏ తోడేలు దాడి చేస్తోందో తేల్చి పట్టుకోవడం అటవీశాఖ పని.

5. కుక్క గానీ, మరే జంతువు గానీ కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పూయకండి. కాల్చి వాత పెట్టకండి. మంత్రం కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించండి. చెప్పిన రోజుల్లో అన్ని టీకాలూ పూర్తి చేయండి. జబ్బు బయటపడ్డాక బతికించడం దాదాపు ఎవరి తరమూ కాదు.

పుకారు వస్తే:

6. నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరు చూశారు? ఎప్పుడు? ఎక్కడ? చూసినవారితో మీరు స్వయంగా మాట్లాడారా? నాలుగింటికీ జవాబు రాకపోతే ఆ మాటను అక్కడే ఆపండి. ఫోనులో ఇంకొకరికి పంపకండి.

7. కొత్త మనిషి కనబడితే చేయి చేసుకోకండి. పేరు, ఊరు మర్యాదగా అడగండి. భాష రాకపోతే కూర్చోబెట్టి నీళ్ళివ్వండి. పోలీసులకు చెప్పండి.

8. గుంపు ఎవరినైనా కొడుతుంటే చూస్తూ ఊరుకోకండి. వెంటనే 112కు చేయండి. దెబ్బలు తగిలినవారి కోసం 108కి చేయండి. గుంపులో నిలబడ్డవాడు కూడా నేరంలో భాగస్వామి కావచ్చు.

జెవోదాన్ పిల్లలు ఏడుగురూ ఒక్కటై నిలబడ్డారు. కర్ర ఎత్తింది మృగం మీద, మనిషి మీద కాదు. అందుకే చిన్నవాడు బతికాడు. మనం కూడా ఒక్కటవుదాం. పిల్లల్ని కాపాడటానికి ఒక్కటవుదాం. దారి తప్పి వచ్చినవాణ్ణి కూడా కాపాడదాం. అతను కూడా ఏదో ఊళ్ళో ఒక తల్లి బిడ్డే.

తోడేలు మనిషి ఉన్నాడా? లేడు. మనిషి తోడేలుగా మారడు. కానీ పుకారు విని పదిమంది కలిసి ఒక్కణ్ణి చుట్టుముట్టి కొడుతుంటే, ఆ చుట్టుముట్టినవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి.

కొత్త మాటలు

పుకారు: నిజమో కాదో తెలియకుండా నోటినోటా పాకే మాట.
సాక్ష్యం: జరిగిన సంగతిని రుజువు చేసేది.
విచారణ: నిజం తెలుసుకోవడానికి అడగడం, వెతకడం.
మతి స్థిమితం: మనసు నిలకడ.
మూకదాడి: గుంపుగా మీదపడి కొట్టడం.

మాట్లాడుకోండి

1. పేటర్ స్టుంప్ నేరం ఒప్పుకున్నాడు కదా, మరి అది సాక్ష్యం ఎందుకు కాదు?
2. 1996లో తోడేలు మనిషి కోసం వెతకడం వల్ల పిల్లలకు ఏం నష్టం జరిగింది?
3. మీ ఊళ్ళో పిల్లల భద్రతకు ముందు ఏం కావాలి? వీధిదీపమా, మరుగుదొడ్డా, ఇంటికి తలుపా? ఎవరిని అడగాలి?

లెక్క చేయండి

1. జెవోదాన్‌లో చావులు 1764 జూన్‌లో మొదలై 1767 జూన్‌లో ఆగాయి. మొత్తం ఎన్ని నెలలు?
2. ఒక పుకారును ఒకరు ఇద్దరికి చెప్పారు. ఆ ఇద్దరిలో ఒక్కొక్కరు మరో ఇద్దరికి చెప్పారు. ఇలా ఐదుసార్లు సాగితే, ఐదోసారి కొత్తగా విన్నవాళ్ళు ఎంతమంది? మధ్యలో ఒక్కరు చెప్పకుండా ఆగితే ఎంతమంది తగ్గుతారు? పలకమీద వేసి చూడండి.

రాయండి

మీరు విన్న ఒక పుకారు గురించి ఐదు వాక్యాలు రాయండి. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ, మీరు వాళ్ళతో మాట్లాడారా అన్నది తప్పకుండా రాయండి. రాసింది కేంద్రంలో పైకి చదివి వినిపించండి. ఈ వారం ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.